బూటీని తిరగేసి చూడండి

అల్లికల పేజీ: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అక్కయ్యగారూ, నాకు 54 ఏళ్లు. పెళ్లికి ముందు పదేళ్లు లేసు అల్లాను. మా అమ్మాయికి భోగి దగ్గర్లో డేట్ ఇచ్చారు. మొదటి కాన్పు కాబట్టి మా ఇంట్లోనే. బిడ్డ కాళ్లకి బూటీలు (మేజోళ్లలాంటి అల్లిక తొడుగులు) అల్లుదామని, ఇంట్లో మిగిలిన 20 నంబరు సన్న లేసు దారం, పాత లేసు సూది (క్రోషె కొక్కెం) తీశాను. గంజి పెట్టినట్టు బిరుసుగా వస్తున్నాయి. కొలత కూడా కుదరడం లేదు. ఒకటి బొమ్మకి సరిపోయేలా, ఇంకోటి రెండేళ్ల పిల్లకి సరిపోయేలా వచ్చింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: చెల్లెమ్మా, మీ చేతిలో తప్పు లేదు, దారంలో ఉంది. మనవైపు లేసంటే ఏమిటి? గాలాడే కన్నాలు, బిగువైన దారం, ఆరేశాక పలకలా నిలబడే డిజైను. మిషనరీ దొరసానులు నేర్పిన ఆ పని నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో దాదాపు 150 ఏళ్లుగా ఆడవాళ్ల వేళ్ల మీదే బతికింది. 2024లో నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకే అన్న ముద్ర కూడా వచ్చింది. మా అమ్మ కూడా ఏజెంటు తెచ్చిన దారం కండెలు లెక్కపెట్టుకుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని, మధ్యాహ్నమంతా అరుగు మీద అల్లుతూనే ఉండేది. నేనూ ఆమె పక్కనే నేర్చుకున్నాను. అయితే ఆ చెయ్యి అలవాటుపడింది టేబుల్ క్లాత్‌లకి. బల్లకి చర్మం ఉండదు కదా!

ఈ మాట నాకు ఎవరో చెబితే తెలిసింది కాదు. మా చెల్లెలికి కొడుకు పుట్టినప్పుడు నేను కూడా మీలాగే 20 నంబరు తెల్లదారంతో బూటీలు అల్లాను. పైన పువ్వులు, అంచుకి ముత్యాల్లాంటి కుట్లు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. వాడికి ఇరవయ్యో రోజు అనుకుంటా, పొద్దున్నే ఒకటే ఏడుపు. పాలు పట్టినా ఆగడు, భుజానేసుకున్నా ఆగడు. కడుపునొప్పేమోనని మా పిన్ని బొడ్డు చుట్టూ ఇంగువ రాసింది. గంట గడిచింది. ఆఖరికి మా అమ్మ గుడ్డ మారుస్తూ బూటీ లాగితే అది రాలేదు. నాలుగో వేలు పువ్వు కన్నంలోంచి బయటికొచ్చింది. లోపల నేను కత్తిరించకుండా వదిలేసిన దారపు కొస ఆ వేలి మొదట్లో రెండు చుట్లు చుట్టుకుని ఉంది. వేలు కందిపోయి నేరేడు రంగుకి తిరుగుతోంది. అమ్మ గోళ్ల కత్తెరతో బూటీని నిలువునా చీల్చింది. ఆ తర్వాత కాసేపటికి వేలికి రంగు తిరిగొచ్చింది, వాడు నిద్రపోయాడు. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. చీరిన బూటీని తిరగేసి, లోపలివైపు పైకి వచ్చేలా నా ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఎవరు బూటీలు అల్లి చూపించినా ముందు తిరగేసి చూస్తాను. కొందరికి కోపమొస్తుంది కూడా.

కాబట్టి 20 నంబరు దారం, సన్నసూది లోపల పెట్టేయండి. మెత్తటి కాటన్ నూలు గానీ, పిల్లల కోసమని అమ్మే మెత్తటి ఊలు గానీ తీసుకోండి. భీమవరంలో సంక్రాంతి చలి ఎంతని? తెల్లవారుజామున మంచు, పది దాటితే ఎండ. కాటనే హాయి. చలి ఊళ్లో అయితే ఊలు. కొట్లో నూలు ఉండని మీ చెంపకి కాదు, మెడ కింద రాసుకుని చూడండి. అక్కడ గుచ్చుకుంటే వద్దు. బొచ్చు లేచే ఊలు ఎంత ముద్దుగా ఉన్నా కొనకండి. ఐదారు నెలలొచ్చేసరికి కాలు నోట్లోకి వెళ్తుంది, బొచ్చంతా గొంతులోకి పోతుంది. ఒక జతకి 30 గ్రాములు దాటదు, చిన్న ఉండ ఒకటి చాలు. సూది 3.5 మిల్లీమీటర్లది. సూది పిడి మీద ఆ అంకె చెక్కి ఉంటుంది.

రంగంటారా, పాపో బాబో మనకి తెలియదు, తెలుసుకోకూడదు కూడా. లేత పసుపు, మీగడ రంగు ఎవరికైనా బాగుంటాయి. ముదురు రంగయితే కాస్త దారం తడిపి తెల్లగుడ్డలో నలిపి చూడండి. రంగు అంటితే పక్కన పెట్టేయండి.

ఇప్పుడు కొలత. నెలలు నిండి పుట్టిన బిడ్డ పాదం సుమారు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. బూటీ అడుగు 9 సెంటీమీటర్లు పెట్టుకుంటే వేళ్లు కదలడానికి చోటుంటుంది. మీకు ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ రావడానికి కారణం, ఒకరోజు బిగించి, ఒకరోజు వదులుగా అల్లడం. అందుకని ముందు ఓ చిన్న ముక్క అల్లి, దాని మీద స్కేలు పెట్టండి. పది కుట్లు 5 సెంటీమీటర్లు రావాలి. ఆరు సెంటీమీటర్లు వస్తే 3 మిల్లీమీటర్ల సూదికి దిగండి, నాలుగే వస్తే 4 మిల్లీమీటర్ల సూదికి ఎక్కండి. లేసు అల్లినవాళ్లం కదా, మనకి నాలుగే వస్తుంది!

లెక్క ఇది. సూది పక్కన పెన్సిల్ పెట్టుకోండి. గొలుసు 11. సూది నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి 9 చిన్న కుట్లు (చిన్న కుట్టు వేసే పద్ధతి కింది జవాబులో ఉంది). ఆఖరి గొలుసులో 3. అక్కడ తిప్పి గొలుసు రెండోవైపున 8, మొదలుపెట్టిన గొలుసులోనే మళ్లీ 2. మొత్తం 22. వరుస చివర మొదటి కుట్టుతో కలిపి, ఒక గొలుసు వేసి పైవరుసకి ఎక్కండి. రెండో వరుసలో మొదటి కుట్టులో రెండు, తర్వాత 8 మామూలుగా, వేళ్లవైపు మూడు కుట్లలో రెండేసి, మళ్లీ 8, మిగిలిన రెండింటిలో రెండేసి. 28 అవుతాయి. మూడో వరుసలో పెంచే చోట ఒకటి మామూలుగా వేసి రెండోదాంట్లో రెండు వేయాలి, 34. నాలుగో వరుసలో రెండు మామూలుగా వేసి మూడోదాంట్లో రెండు, 40. పక్కల ఉన్న ఎనిమిదేసి కుట్లు ఎప్పుడూ పెరగవు. పెంచడమంతా రెండు కొసల్లోనే. ఇది అడుగు. బల్ల మీద పెడితే చదునుగా ఉండాలి, గిన్నెలా లేస్తే చెయ్యి బిగిసిందన్నమాట.

ఐదో వరుస చూడటానికి చిన్న విషయమే, కానీ బూటీకి రూపం వచ్చేది అక్కడే. ప్రతి కుట్టు నెత్తిన జడలా రెండు దారాలుంటాయి చూడండి, వాటిలో వెనకదాంట్లోంచి మాత్రమే సూది దూర్చి 40 కుట్లూ వేయండి. ముందు దారం బయట గీతలా మిగిలిపోయి, అడుగు ఒకవైపు, గోడ ఒకవైపు చక్కగా విరుగుతాయి. ఆరు, ఏడు వరుసలు మామూలుగా 40. ఎనిమిదో వరుసలో 10 కుట్లు వేసి, తర్వాతి 16 కుట్లనీ రెండేసి కలుపుతూ ఎనిమిది చేయండి, మిగిలిన 14 మామూలుగా. 32. తొమ్మిదిలో మళ్లీ 10, నాలుగు జతలు కలపడం, 14. 28. ఇక తగ్గించకండి, మడమ దూరదు. ఈ తగ్గింపు సరిగ్గా వేళ్ల మీదికి వచ్చిందో లేదో చూసుకోండి. వరుస మొదట రంగుదారం ముక్క గుర్తుగా పెట్టుకుంటే పక్కకి జరగదు. ఆ ముక్క చివర్లో తీయడం మరిచిపోకండి, నేను ఒకసారి మరిచిపోయాను.

చీలమండ దగ్గర పొడుగు కుట్లతో ఒక వరుస వేస్తే తాడు దూర్చడానికి సందులొస్తాయి. దానిపైన చిన్న కుట్లతో ఆరు వరుసలు. అయిపోయింది.

అయిపోలేదు. దారపు కొసలు మిగిలాయి కదా. నాలుగు వేళ్ల పొడవు వదిలి కత్తిరించండి. మొండిమొన కుట్టుసూదితో గోడలోని కుట్ల మధ్య ఒకవైపు దూర్చి, వెనక్కి తిప్పి మళ్లీ అవే కుట్లలోంచి లాగండి. ముడి వేసి వదిలేయడం వద్దు. అప్పుడు బూటీని తిరగేసి, మీ చిటికెన వేలు లోపల పెట్టి నలుమూలలా తిప్పండి. వేలికి ఎక్కడ దారం తగిలినా మళ్లీ సూది పట్టాల్సిందే. గుండీలు, పూసలు, ఊలు బంతులు ఏవీ వద్దు. పువ్వులు కావాలంటే మీ అమ్మాయి దుప్పటి అంచుకి అల్లండి, ఎన్నయినా.

ప్రశ్న: మేడమ్, యూట్యూబ్ చూసి క్రోషె నేర్చుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి పది తర్వాతే టైమ్. అక్కకి డెలివరీ కాబట్టి బూటీలు మొదలుపెట్టాను. వీడియోలో ‘సింగిల్ క్రోషె’ అన్నారు. లైబ్రరీ నుంచి తెచ్చిన పాత పుస్తకంలో అంతా ‘డబుల్ క్రోషె’ అని ఉంది. పుస్తకం ప్రకారం చేస్తే బూటీ జల్లెడలా వచ్చింది. రెండిట్లో ఏది తప్పు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ ఒప్పే తల్లీ. అమెరికావాళ్లు సింగిల్ అనే కుట్టునే బ్రిటన్‌వాళ్లు డబుల్ అంటారు. అమెరికా డబుల్ వాళ్లకి ట్రెబుల్. మీ పుస్తకం బ్రిటన్‌ది అయ్యుంటుంది, మీరు అమెరికా డబుల్ వేసుంటారు. అందుకే కుట్టు పొడుగై కన్నాలు పడ్డాయి. పుస్తకంలో ఎక్కడైనా ‘సింగిల్’ అన్న మాట ఉందేమో వెతకండి. కుట్టు పేరుగా ఆ మాట కనిపిస్తే చాలావరకు అమెరికా లెక్కే. మా అరుగు మీద ఈ గొడవే లేదు. చిన్న కుట్టు, పొడుగు కుట్టు, అంతే. పైన భీమవరం చెల్లెమ్మకి రాసిన చిన్న కుట్టు మీ వీడియోలోని సింగిల్. సూది గుచ్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి, ఇంకోసారి దారం తీసి రెండిట్లోంచీ లాగేయాలి.

రాత్రి పది తర్వాత మాత్రం ముదురు రంగు ఊలు పట్టుకోకండి, కుట్లు కనపడక కళ్లు పోతాయి.

ప్రశ్న: నమస్తే అమ్మ. మా మనవరాలికి నలభై రోజులు. నేను అల్లిన బూటీలు ఐదు నిమిషాలు కూడా నిలవవు. తన్ని పారేస్తది. జారకుండా లోపల ఎలాస్టిక్ పెట్టమని పక్కింటామె అంటున్నది. మా కోడలేమో పాప కాళ్లు ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా ఉంటున్నయని టెన్షన్ పడుతున్నది. ఏం చేయాలె?
– ఒక నానమ్మ, హన్మకొండ

జవాబు: ఎలాస్టిక్ వద్దమ్మా. బిగువు మనకి తెలియదు, పిల్ల చెప్పలేదు. సాయంత్రం తీసి చూస్తే చీలమండ చుట్టూ గాజు ముద్ర పడినట్టు ఎర్రగీత ఉంటుంది. ఆ గీత కనిపించిందంటే అప్పటికే బిగువు ఎక్కువైనట్టు.

బూటీ జారడానికి నేను చూసినంతలో రెండే కారణాలు. ఒకటి, అడుగు పొడవు ఎక్కువవడం. పెరిగే పిల్ల కదా అని రెండు సెంటీమీటర్లు ఎక్కువ పెడతాం, ఆ ఖాళీని పట్టుకునే కాలితో తోసేస్తారు. ఇంకొకటి, పైభాగం పొట్టిగా ఉండటం. మడమ దాటిన వెంటనే బూటీ ఆగిపోతే అది చెప్పుతో సమానం. చీలమండ పైన కనీసం నాలుగు సెంటీమీటర్లు ఎక్కాలి, తాడు మడమకి పైన సన్నగా ఉండే చోట రావాలి. మీవి విప్పక్కర్లేదు. పైఅంచు నుంచి మళ్లీ దారం కలిపి ఇంకో ఐదారు వరుసలు అల్లేయండి, చాలు.

తాడు గొలుసుకుట్టుతో 30 సెంటీమీటర్లు అల్లండి, అంతకు మించొద్దు. కొసలు పొడుగ్గా వేలాడకూడదు. వెనక మడమ దగ్గర తాడుని బూటీకి నాలుగు కుట్లు వేసి పట్టించేస్తే, పిల్ల లాగినా మొత్తం ఊడి చేతిలోకి రాదు. తాడుకీ కాలికీ మధ్య మీ చిటికెన వేలు దూరాలి. అంత వదులుంటే తన్నినప్పుడు ఒక్కోసారి ఊడుతుంది. ఊడనివ్వండి! కాలు ఆడిస్తున్నది అంటే సంతోషమే కదా.

కోడలికి చెప్పండి, పసిపిల్లల చేతులు, కాళ్లు మనకంటే చల్లగా ఉండటం మామూలే. చలి వేస్తోందా అని చూడాలంటే పొట్ట మీదో మెడ వెనకో చెయ్యి పెట్టాలి. అక్కడ వెచ్చగా ఉంటే సరే, చెమట పడితే ఒక బట్ట తగ్గించాలి. ఒళ్లంతా చల్లబడి, పాలు తాగకుండా నీరసంగా ఉంటే అది బూటీలతో తేలేది కాదు, వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఇంకో మాట. బాలింతకి జుట్టు బాగా ఊడుతుంది. ఆ వెంట్రుకలు ఉతికిన బట్టలతోపాటు బూటీల్లోకి చేరతాయి. వెంట్రుక దారంకంటే సన్నం, తడిస్తే సాగి, ఆరాక ఇంకా బిగుస్తుంది. అందుకని తొడిగే ముందు బూటీ తిరగేసి దులపండి. పాప కారణం లేకుండా ఏడిస్తే బూటీలు విప్పి, వేళ్లు విడదీసి, ఒక్కొక్కటీ చూడండి. ఏదైనా చుట్టుకుని తేలిగ్గా రాకపోతే బ్లేడుతో ప్రయోగాలు చేయకుండా ఆస్పత్రికి పరిగెత్తండి. మా అమ్మ కత్తెర తీసిందంటే, అది ఆ రోజు మా అదృష్టం అంతే.

ప్రశ్న: అమ్మగారూ, గుంటూరు నుంచి మా అమ్మానాన్న వచ్చే నెల డాలస్ వస్తున్నారు, నాకు ఎనిమిదో నెల వచ్చేసరికి. అమ్మ విమానంలో కూర్చుని అల్లుతానంటోంది. సూది తీసుకురానిస్తారా? అల్లాక వాటిని వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: సెక్యూరిటీ దగ్గర ఎవరు ఎలా ఉంటారో మనం చెప్పలేం. సూదులు, కత్తెర పెద్ద సూట్‌కేసులో పెట్టి పంపేయమనండి. విమానంలో ఆవిడని నిద్రపోనివ్వండి, వచ్చాక ఆవిడకి నిద్ర ఎక్కడిది?

ఉండకి చుట్టిన కాగితం పారేయొద్దనండి, నీళ్ల వేడి, మెషిన్ సంగతి దాని మీద బొమ్మల్లో ఉంటాయి. అసలైన గొర్రె ఊలయితే వేడినీళ్లలో ముడుచుకుపోయి బొమ్మ చెప్పంత అవుతుంది. కాటన్ మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుంటుంది కాబట్టి తొడగకముందే ఒకసారి ఉతికి కొలత చూడాలి. మెషిన్‌లో వేస్తే చిన్న వలసంచిలో పెట్టి వేయండి. లేకపోతే జతలో ఒకటి మాయమవుతుంది. అది అమెరికా అయినా ఒకటే, తెనాలి అయినా ఒకటే.

ప్రశ్న: అమ్మా, నాకు ఏడో నెల. ఊరికే కూర్చోలేక బూటీలు అల్లుతుంటే మా అత్తగారు చూసి, ‘బిడ్డ పుట్టకముందే బట్టలు కుట్టకూడదు, ముందు ఆ సూది అవతల పెట్టు’ అన్నారు. నాకు అలాంటి నమ్మకాలు లేవు. కానీ ఆవిడ నొచ్చుకుంటే నాకు కష్టంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక కోడలు, రాజమండ్రి

జవాబు: మీ అత్తగారిని తప్పుపట్టలేనమ్మా. మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లో ఇదే మాట. పురిటి స్నానం అయ్యేదాకా బిడ్డకి కొత్తబట్ట వేసేవాళ్లు కాదు. తాతయ్య పాతపంచె, అమ్మమ్మ పాత నేతచీర చింపి, ఉతికి, ఎండబెట్టి అందులోనే చుట్టేవాళ్లు. మెత్తదనానికి మెత్తదనం, ఆశీర్వాదానికి ఆశీర్వాదం. పుట్టిన పిల్లలు దక్కుతారో లేదో తెలియని రోజుల్లో, ముందే అన్నీ సిద్ధం చేసుకుని ఆ తర్వాత ఖాళీ ఉయ్యాల చూడటం ఎంత నరకమో ఆ తరం ఆడవాళ్లకి తెలుసు. మీ అత్తగారి నోట్లోంచి వచ్చింది ఆ భయం. వాదించి దాన్ని పోగొట్టలేరు.

మా ఇంట్లో ఇదే సమస్యని మా అమ్మ తనదైన పద్ధతిలో దాటేసేది. నాకు మొదటి కాన్పప్పుడు అడుగులు రెండూ అల్లింది, గోడలు అల్లింది, తగ్గింపులూ చేసింది. పైఅంచు ఆఖరి వరుస మాత్రం సగంలో ఆపి, సూదిని అందులోనే గుచ్చి, గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టింది. మా నానమ్మ అడిగితే ‘బట్ట ఎక్కడుందత్తయ్యా, దారమే కదా’ అంది. నానమ్మకి అంతా అర్థమైంది. అయినా ఏమీ అనలేదు. మర్నాడు తనే ఆ గుడ్డ తీసి, ఎలుకలు కొడతాయని ట్రంకు పెట్టెలోకి మార్చింది.

మీరూ అలాగే రెండోదాని చివరి వరుస, తాడు మిగల్చండి. ఆ సంగతి అత్తగారికి చెప్పేయండి, దాచకండి. నొప్పులొచ్చిన రోజు ఆ సంచి ఆవిడ చేతికివ్వండి. ఆవిడకి సూది పట్టడం వస్తే డెలివరీ రూము బయట కూర్చుని అల్లుకుంటారు. రాకపోతే తాడుకి గొలుసు అల్లడం ఇప్పుడే నేర్పండి, పావుగంట పని. కొసలు లోపలికి దూర్చడం మాత్రం మీరే చేయండి, తీరిగ్గా, పగటి వెలుతురులో.